పదకొండో తారీకు ఎవరిది?

పొద్దున్నే పేపరు రాగానే మా ఇంట్లో ఒకరు బంగారం ధర చూస్తారు, ఒకరు రాశిఫలాలు చూస్తారు. నేను మాత్రం లోపలి పేజీ అడుగున ఉండే చిన్న బాక్సు దగ్గరికి వెళ్తాను. దాని పైన ‘చరిత్రలో ఈ రోజు’ అని ఉంటుంది. ఉద్యోగం మానేసి కొన్నేళ్ళయినా ఆ చూపు మానలేదు. పలాసలో విలేకరిగా ఉన్నన్నాళ్ళూ మా జిల్లా పేజీలో ఆ బాక్సు నింపే పని నాదే. నన్నెవరూ చెయ్యమనలేదు, ఎవరూ వద్దనలేదు.

ఈమధ్య పేపర్లలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఇద్దరు ఇంటికొచ్చి, ‘‘మీ సర్వీసులో మరిచిపోలేని వార్త ఏది సార్?’’ అని అడిగారు. ఏ హత్య కేసో, ఏ ఎన్నికల గొడవో చెబుతానని ఎదురుచూశారు. నేను ఆ బాక్సులో వచ్చిన ఒక్క లైను గురించి చెప్పాను. పాపం, మర్యాదకి తలూపారు. వాళ్ళకి సరిగ్గా చెప్పలేకపోయానని అర్థమై ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ఆ బాక్సుకి మూడు గదులు. సంఘటనలు, జననాలు, మరణాలు. ముందే తయారుచేసి పెట్టుకోగల సరుకు కాబట్టి, వార్తలు లేని మధ్యాహ్నాల్లో వారానికి సరిపడా రాసేసేవాణ్ణి. మా ఆఫీసు కాశీబుగ్గలో ఒక మందుల షాపు పైన గది. కిటికీ తెరిస్తే జీడిపిక్కలు కాల్చిన వాసన గుప్పున కొట్టేది. ఆ వాసనలో కూర్చుని ఐరోపా రాజులు ఎప్పుడు పుట్టారో, ఏ సముద్రంలో ఏ ఓడ మునిగిందో రాసుకునేవాణ్ణి.

మా ఫొటోగ్రాఫరు టెక్కలి మనిషి. నాకు చుట్టం కాకపోయినా మొదటిరోజు నుంచీ బావా అనే పిలిచాడు. ఒకసారి నా భుజం మీంచి తొంగిచూసి అన్నాడు:

‘‘బావా, ఈల్లంతా ఎవులు? ఈల్లలో ఒక్కడైనా కోటబొమ్మాళి సంతకొచ్చి వంకాయలు బేరమాడినోడున్నాడేటి?’’

‘‘లేడు.’’

‘‘మరెందుకు రాత్తన్నావు?’’

ఆ వారం నుంచి బాక్సులో మా ప్రాంతానికి సంబంధించిన లైను ఒకటి కలపడం మొదలుపెట్టాను. ఒక ఊరి బడి తెరిచిన రోజు, ఒక గెడ్డ మీద వంతెన దాటి మొదటి బస్సు వచ్చిన రోజు, పది ఊళ్ళకి చదువు చెప్పిన మాస్టారు పుట్టిన రోజు. జనం చదివేవారు. రాజుల సంగతి ఎవరూ అడగలేదు గానీ బస్సు గురించి మాత్రం, ‘‘అది మా ఊరికి ముందొచ్చినాది’’ అని దెబ్బలాటకి వచ్చేవారు.

కాకపోతే సముద్రం ఒడ్డున కొబ్బరితోటల సీమ, మా ఉద్దానంలో తారీకులు దొరకడం కష్టం. అక్కడి పెద్దవాళ్ళకి కాలమంటే గాలివానలే. ‘‘ఎప్పుడు పుట్టావు తాతా?’’ అంటే, ‘‘గాలివాన ఏడు’’ అంటారు. ‘‘ఏ గాలివాన?’’ అంటే, ‘‘మా తాటాకిల్లు ఎగిరిపోనాది సూడు, ఆ గాలివాన’’ అంటారు. ఊరందరికీ అది అర్థమవుతుంది. కేలెండరుకే అర్థం కాదు.

ఈ బాక్సు మమ్మల్ని ఒకసారి బాగా ఇరికించింది కూడా. తప్పెటగుళ్ళు ఆడించడంలో పేరున్న ఒక కళాకారుడి పుట్టినరోజని లైను రాసి పంపాను. పేజీ పెట్టే కుర్రవాడు హడావిడిలో రెండు శీర్షికల్నీ అటూ ఇటూ మార్చేశాడు. జననాల్లో చచ్చిపోయిన రాజులు, మరణాల్లో బతికున్న మా కళాకారుడు. పొద్దున్నే ఆయన సైకిలు తొక్కుకుంటూ వచ్చి, చంకలో పేపరుతో ఆఫీసు మెట్లెక్కాడు.

‘‘బాబూ, నాను సచ్చిపోనానంటే మా ఆడమనిసి ఒప్పుకోటం లేదు. పేపరులో పడినాదే అంటే, పేపరుకేటి తెలుసు, లెగిసి పశువులకి కుడితి ఎట్టు అంతాది. మీరో మాట సెప్పండి.’’

సవరణ వేస్తామని చేతులు పట్టుకున్నాను. ‘‘రేపెయ్యకండి. ఎల్లుండి ఎయ్యండి. మా తోడల్లుడు పలకరింపుకి బయల్దేరినాడంట. ఆడు మా గుమ్మం తొక్కి పన్నెండేళ్ళయినాది’’ అన్నాడాయన. ఆ రోజు నుంచి నేను ఒక నియమం పెట్టుకున్నాను. పేజీ ఎంత ఆలస్యమైనా ఫోను చేసి, ‘‘ముందు జననాలు, తర్వాత మరణాలు. వరస చూశారా?’’ అని అడిగేవాణ్ణి. డెస్కులో నాకు ఆ మాటే పేరైపోయింది.

ఆ తర్వాత తిత్లీ తుపాను వచ్చింది. 2018 అక్టోబరు పదకొండు, దసరాలు మొదలైన రోజులు. తెల్లవారుజామున తీరం దాటి మా మీద నుంచే వెళ్ళింది. అది ఎంత వేగంతో వీచిందో, ఎంత నష్టమో అప్పట్లో అందరం రాశాం. ఇప్పుడు మళ్ళీ రాయను. నాకు గుర్తున్నది ఒకటే. గాలి తగ్గాక నేనూ ఫొటోగ్రాఫరూ బండి వదిలేసి, పడిన చెట్ల మీంచి ఎక్కుతూ దిగుతూ ఉద్దానంలోకి నడిచాం. ఎప్పుడూ నీడలో నడిచిన దారి అది. ఆ రోజు నెత్తి మీద ఆకాశం తప్ప ఏమీ లేదు. దూరాన సముద్రం కనిపిస్తోంది. అంతకుముందు అక్కడి నుంచి సముద్రం ఎప్పుడూ కనబడలేదు. మా వాడు కెమెరా తీసి, కంటికి పెట్టుకుని, మళ్ళీ దించేశాడు.

‘‘నిలబడ్డ సెట్టు ఒక్కటి ఉంటే గదా బావా, పడినాయని సూపించడానికి’’ అన్నాడు.

కొబ్బరిచెట్టుని పెద్దకొడుకు అనుకునే ఊళ్ళవి. ఏ ఇంటికి వెళ్ళినా శవం లేచిన ఇల్లులాగే ఉంది. కొన్ని ఇళ్ళలో నిజంగానే లేచింది.

ఏడాది తిరిగింది. అక్టోబరు మొదట్లో శ్రీకాకుళం నుంచి మా డెస్కు ఇన్‌చార్జి ఫోను చేసింది. వయసులో నాకన్నా చాలా చిన్నది. పనిలో కత్తి.

‘‘సార్, పదకొండున పేజీ మొత్తం తుపానుకే. చుట్టూ నల్ల బోర్డరు. ‘ఈ రోజు’ బాక్సులో కూడా ఊరు కాని ఊరి సంగతులు వద్దు. మన దగ్గర పోయినవాళ్ళ పేర్లు వేద్దాం. పిల్లల పుట్టినరోజు ఫొటోలు ఆ ఒక్కరోజుకి ఆపేస్తున్నాను. నల్ల బోర్డరులో కేకులు బాగుండవు కదా.’’

బాగుండవనే నాకూ అనిపించింది. సరేనన్నాను.

తర్వాత ఒకటి రెండు రోజులకి ఒక అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. పాతికేళ్ళు ఉండవు. కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే పనికి వస్తుంది. వేళ్ళ కొసలు జీడిసొనకి నల్లబడి ఉన్నాయి. ఊరు ఉద్దానంలో, సముద్రం దగ్గర. కవరులోంచి జాగ్రత్తగా ఒక ఫొటో తీసి బల్ల మీద పెట్టింది. స్టూడియోలో తీయించినది. ఏడాది నిండని ఆడపిల్ల. నున్నటి గుండు, చెంపన దిష్టిచుక్క, ఎవరి మీదో కోపంగా ఉన్న మొహం.

‘‘నా గుంట బాబూ. పుట్టినరోజు పోటో ఎయ్యాల.’’

‘‘ఎప్పుడమ్మా?’’

‘‘పదకొండు.’’

మా ఫొటోగ్రాఫరు మూలనుంచి అన్నాడు, ‘‘పదకొండున ఎయ్యటం లేదు అమ్మీ. గాలివాన రోజు గదా. పన్నెండున ఏత్తాంలే.’’

‘‘పన్నెండున పుట్టినోళ్ళని పన్నెండున ఎయ్యండి. నా గుంట పదకొండున పుట్టినాది.’’

కూర్చోమన్నాను. కూర్చోలేదు. నిలబడే చెప్పింది. వాళ్ళది పెంకుటిల్లు. గాలికి పెంకులు లేవడం మొదలవగానే, నొప్పులు పడుతున్న ఆమెని నడిపించుకుంటూ పక్కనే ఉన్న పెద్దాయన స్లాబు ఇంట్లోకి తీసుకెళ్ళారు. వరసకి ఆయన మావ అవుతాడు. ఆ ఇంట్లో, ఆయన భార్య చేతుల మీద బిడ్డ పుట్టింది. ఆ తెల్లవారుజామునే ఆ ఇంటి మనిషి, పెద్దాయన తమ్ముడు, పశువుల శాలలో తాళ్ళు విప్పడానికి వెళ్ళి చెట్టు విరిగి మీద పడి పోయాడు.

‘‘గుంట ఇటు పడినాది, ఆడటు పోనాడు అంతారు బాబూ ఊళ్ళో. తుపాను పిల్ల అంతారు. పొద్దున్నే ఎదురొత్తే మొకం తిప్పుకుంతారు. ఇప్పుడేమో పదకొండున ఊళ్ళో ఏ సంబరమూ లేదు, మైకు లేదు, కేకు లేదు, సాయంత్రం అందరూ కొవ్వొత్తులు ఎలిగించి నిలబడాల అని మా మావే సెప్పీసినాడు. ఆయన మాటకి ఊళ్ళో ఎదురులేదు. నానేటి సేత్తాను?’’

‘‘మర్నాడు చేసుకోవచ్చు కదమ్మా.’’

‘‘మొదటి పుట్టినరోజే దాటించీత్తే ఇంకెప్పుడు సేత్తారు బాబూ? ఏటా పదకొండొత్తాది. ఏటా దాటించీమంతారు. పుట్టినరోజు లేని గుంటయిపోద్ది.’’

ఆమె మొగుడు కొబ్బరితోట పోయాక వెల్డింగు పనికి దూరదేశం పట్టాడు. పుట్టినరోజుకని సెలవు అడిగి వస్తున్నాడట. పేపరులో ఫొటో పడితే, ఊళ్ళో పెద్దలు కూడా కాదనలేరని ఆమె ఆశ. నేను మాటివ్వలేకపోయాను. ఊరంతా దుఃఖదినం అనుకుంటున్న రోజున మేము వెళ్ళి చావింటి గుమ్మానికి తోరణం కట్టినట్టవుతుంది. ‘‘మీ మావ వద్దనకపోతే వేయిస్తాను’’ అన్నాను. ఆమె ఫొటో తీసుకోకుండా, బల్ల మీదే వదిలి వెళ్ళిపోయింది. ఆ కోపిష్టి మొహం నా వైపే చూస్తూ ఉండిపోయింది.

దసరా వెళ్ళాక నేనూ ఫొటోగ్రాఫరూ ఆ ఊరు వెళ్ళాం. ఏడాది నిండిన సందర్భంగా పెద్ద కథనం రాయాలి. అందులో పెద్దాయన ఇల్లే ముఖ్యం. ఆయన అరుగు మీద కూర్చున్నాడు. ఎదురుగా తోట. తోటంటే ఇసకలో మోకాలెత్తు కొబ్బరిమొక్కలు. పడిన మానుల్ని కోసి గోడవారగా పేర్చారు. ఆయన భార్య, ఆ పెద్దావిడ, మాకు గ్లాసుల్లో టీ పెట్టింది. పక్కింట్లో, ఫొటో ఇచ్చివెళ్ళిన అమ్మాయి తన వాకిట్లో పిల్లకి నీళ్ళు పోస్తూ, మా వైపు చూడనట్టే చూస్తోంది.

పెద్దాయన నెమ్మదస్తుడు. అడిగినవన్నీ చెప్పాడు. సాయంత్రం సభ ఎక్కడ, ఎవరెవరు వస్తారు, అన్నీ. ఆఖర్న ఫొటోగ్రాఫరుని ఎన్నింటికి రమ్మనాలో తెలుసుకుందామని నేను మామూలుగా అడిగాను.

‘‘తమ్ముడిగారి ఏడాది తద్దినం పొద్దున్నే పెడతారా? ఫొటోకి ఎన్నింటికి రమ్మంటారు?’’

‘‘తద్దినం ఇంకెక్కడిది బాబూ? అయిపోనాది గదా. మొన్న దసరాల్లోనే ఎట్టీసినాం. తిది ఎప్పుడొత్తే అప్పుడే గదా ఎట్టాల.’’

నిజమే. నిరుడు గాలి వచ్చింది దసరాల మొదట్లో. ఈసారి దసరాలు ముందొచ్చాయి. తిథి ప్రకారం ఆ రోజు ఎప్పుడో దాటిపోయింది. ఇంతమాత్రం నాకు తెలియనిదేమీ కాదు. మా నాన్న తద్దినం ఏటా ఒక్కో తారీకున పెడుతున్నవాణ్ణే. అయినా కాయితం ముందు కూర్చుంటే తారీకు తప్ప ఏమీ తోచదు. మా వృత్తి అలాంటిది.

‘‘మరైతే పదకొండున మేం ఏటి తియ్యాల?’’ అన్నాడు ఫొటోగ్రాఫరు.

వాకిట్లో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. ఆ అమ్మాయి తడి పిల్లని చంకనేసుకుని గోడ దగ్గరకొచ్చి నిలబడింది.

‘‘మావా, ఒక్క మాట. సిన్నమావ తద్దినం దసరాల్లో అయిపోతే, పదకొండో తారీకు ఎవులిది మరి?’’

పెద్దాయన తడుముకోకుండా గడ్డంతో నన్ను చూపించాడు. ‘‘పేపరోళ్ళది.’’

ఫొటోగ్రాఫరు నవ్వు ఆపుకోవడానికి టీ గ్లాసులో మొహం దాచుకున్నాడు. పెద్దావిడ మాత్రం గుమ్మం మీంచే అందుకుంది.

‘‘సచ్చిపోనోల్లకి తిది. పుట్టినోల్లకి తారీకు. మనింట్లో అంతే గదా సేత్తాం? మనవడికి కేకు తారీకునే గదా కోసినావు, తిదికి కోసినావేటి? తమ్ముడికి ఎట్టాల్సింది ఎట్టీసినావు. మజ్జిలో ఈ గుంట నీకేటి అడ్డమొచ్చినాది?’’

‘‘నువ్వూరుకో. ఊరంతటిదీ ఒక మాట. ఊరంతా ఏడిసిన రోజది.’’

‘‘ఊరు ఏడుత్తాది, ఊరే నవ్వుతాది. నా సేతుల్లో పుట్టినాది అది. బొడ్డు కోసినదాన్ని నాను. ఎప్పుడో ఓనాడు దానికి పాయసం తాగిత్తాను గానీ దొంగతనంగా తాగించమంతే తాగించను.’’

పెద్దాయన లేచాడు. కోపం వచ్చిన మనిషిలా లేడు. బిందె తీసుకుని మొక్కల్లోకి వెళ్ళిపోయాడు. మేము బయల్దేరేదాకా తిరిగి రాలేదు. ఆ అమ్మాయి గోడ దగ్గరే నిలబడి ఉంది. చంకలో పిల్ల, ఫొటోలో ఉన్న మొహమే పెట్టి, మా బండిని చూస్తోంది.

దారిలో ఫొటోగ్రాఫరు అడిగాడు, ‘‘ఏత్తావా బావా?’’

‘‘ఆయన ఒప్పుకోలేదు కదా.’’

‘‘ఒప్పుకోలేదు గానీ, కాదని కూడా అన్లేదు. సూసినావా?’’

ఆఫీసుకొచ్చి శ్రీకాకుళానికి ఫోను చేశాను. బాక్సులో జననాలు అని ఒక లైను కావాలన్నాను. డెస్కు ఇన్‌చార్జికి నేను ముసలితనం వల్ల మెత్తబడిపోయానేమోనని అనుమానం వచ్చింది.

‘‘సార్, జననాల్లో ప్రముఖులే కదా వేస్తాం. ఆ పాప ఏం చేసింది?’’

‘‘పుట్టింది.’’

‘‘అందరూ పుడతారు సార్.’’

‘‘ఆ రోజు పుట్టిందమ్మా. ఆ గాలిలో. మనం ఆ రోజు జరిగినవన్నీ రాస్తున్నాం. జరిగిన వాటిలో అదొక్కటే వదిలేస్తున్నాం.’’

అటువైపు కీబోర్డు టకటకలాడింది. ‘‘ఆ ఇంటివాళ్ళకి అభ్యంతరం లేదా?’’ అంది. మంచి ప్రశ్న. అది నేను నేర్పిన ప్రశ్నే. ‘‘ఉంది. ఇంకా తేలలేదు’’ అన్నాను. ‘‘అయితే పదో తారీకు సాయంత్రం దాకా ఆ లైను ఖాళీగా ఉంచుతాను. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు’’ అంది.

పదో తారీకు మధ్యాహ్నం నా ఫోను మోగింది. పెద్దాయన. ఆయన ఫోనులో మాట్లాడే మనిషి కాదు. ఎవరో కలిపి ఇచ్చి ఉంటారు. చెవికి ఎంత దూరంలో పట్టుకున్నాడో, గాలి చప్పుడే ఎక్కువ వినబడుతోంది.

‘‘బాబూ, మా తమ్ముడి పేరు ఏత్తన్నారా రేపు?’’

‘‘వేస్తున్నామండీ. మరణాల్లో.’’

‘‘ఆ గుంటది?’’

‘‘మీరు చెప్పాలి.’’

‘‘ఏత్తే ఏ పక్కనేత్తారు?’’

‘‘బాక్సులో ముందు జననాలు, ఆ కింద మరణాలు. ఎప్పుడూ అదే వరస.’’

ఆయన పక్కనున్నవాళ్ళని అవతలికి వెళ్ళమనడం వినబడింది.

‘‘ఆ రోజు కూడా అదే వరస బాబూ’’ అన్నాడు. ‘‘ముందు గుంట ఏడుపు ఇనబడినాది. మావోడు తలుపు కాడున్నాడు. ‘వొదినా, ఏ పిల్ల?’ అని అడిగినాడు. ‘ఆడపిల్ల’ అన్నాది మా ఆడమనిసి. ‘దసరాల్లో అమ్మోరే వొచ్చీసినాదిరా అన్నయ్యా, ఇంకేటి బయం’ అని నవ్వినాడు. నవ్వుకుంటా దూడ తాడు ఇప్పడానికెల్లినాడు. ఆ మాట నానెవులికీ సెప్పలేదు.’’

నేను పెన్ను పట్టుకుని ఉన్నాను గానీ ఏమీ రాయలేదు.

‘‘ఆడికి తెలుసు బాబూ, గుంట పుట్టినట్టు. ఆడు సంతోసపడీ ఎల్లినాడు. మరింక నానెవుల్ని, వొద్దనడానికి? ఏసీండి. పొద్దున్న గుంటది, సాయంత్రం ఊరిది. ఊళ్ళో నాను సెప్పుకుంతాను.’’

డెస్కుకి చెప్పాను. సాయంత్రం ఆమే తిరిగి ఫోను చేసింది. ‘‘పేజీకి నల్ల బోర్డరు తీయమంటే పైవాళ్ళు ఒప్పుకోలేదు. బాక్సు వరకు తీసేశాను. పాప ఫొటో పక్కనే పెట్టాను. ఇంతకన్నా నా వల్ల కాదు’’ అని, నేను నోరు తెరిచేలోగా తనే అంది, ‘‘చూశాను సార్. ముందు జననాలు, తర్వాత మరణాలు.’’

మర్నాడు పేపరులో పడింది ఒక్క లైనే. ‘జననాలు: ఉద్దానంలో, గాలి తగ్గకముందే, ఒక ఆడపిల్ల.’ కింద మరణాల్లో ఆ తమ్ముడి పేరు, మిగతావాళ్ళ పేర్లు. పక్కన కోపిష్టి గుండు.

మేము పొద్దున్నే ఊరు వెళ్ళాం. పిల్ల తండ్రి ముందురోజే దిగాడు. బస్సు ప్రయాణంలో నలిగిన చొక్కా ఇంకా మార్చుకోకుండానే, కాశీబుగ్గ నుంచి కేకు బండి మీద ఒడిలో పెట్టుకుని తెచ్చాడు. పెద్దాయన అరుగు మీదే బల్ల వేశారు. జనం ఎక్కువ రాలేదు. వచ్చినవాళ్ళు కూడా గోడ పక్కన నిలబడ్డారు, దగ్గరకి రావాలో వద్దో తెలియక. కేకు పెట్టె విప్పాక తెలిసింది, కొవ్వొత్తి లేదు. షాపువాడు పెట్టడం మరిచాడు.

తండ్రి మొహం వాడిపోయింది. ఎవరో ఒకావిడ, ‘‘సూసినావా, కొవ్వొత్తి కూడా రాలేదు’’ అని పక్కావిడతో గొణిగింది. పెద్దాయన విన్నాడు. లోపలికెళ్ళి, సాయంత్రం సభ కోసం తెచ్చిన పేకెట్టు పట్టుకొచ్చి, గోటితో చింపి ఒకటి తీశాడు. కరెంటు పోతే వెలిగించుకునే లావుపాటి తెల్ల కొవ్వొత్తి. ఆ చిన్న కేకు మీద గుచ్చితే అది సగం దాకా దిగి, ఒక పక్కకి ఒరిగింది.

‘‘గాలికి ఒరిగిన సెట్టునాగుంది’’ అన్నాడు ఫొటోగ్రాఫరు, నోరు జారి.

అందరూ పెద్దాయన వైపు చూశారు. మొదట నవ్వింది పెద్దావిడ. ఆమె నవ్వాక గోడ పక్కనున్నవాళ్ళూ నవ్వారు, అందులో గొణిగినావిడ కూడా ఉంది. పెద్దాయన ఒరిగిన కొవ్వొత్తిని రెండు వేళ్ళతో నిటారుగా పట్టుకుని నిలబడ్డాడు. అలా పట్టుకునే ఉన్నాడు, పిల్ల ఊదుతుందని. పిల్లకి ఊదడం రాదు కదా. క్రీములో పిడికిలి దింపి, దాన్ని ఆయన పంచెకి పూసింది.

సాయంత్రం మిగతా కొవ్వొత్తులన్నీ ఊరివాళ్ళు పట్టుకున్నారు. ఆ అమ్మాయి కూడా ఒకటి పట్టుకుని, పిల్లని ఎత్తుకుని, పెద్దావిడ పక్కన నిలబడింది. మొహం తిప్పుకున్నవాళ్ళు ఉన్నారో లేదో నాకు తెలియదు. నేను చూసినంతలో లేరు.

ఆ తర్వాత నేను రిటైరయ్యాను. బాక్సు ఇప్పుడు వేరేవాళ్ళు నింపుతున్నారు. ఉద్దానం లైను ఒక ఏడాది వేస్తారు, ఒక ఏడాది వేయరు. ఆ అమ్మాయి మాత్రం ఆ ఒక్క పేపరు ముక్కని పటం కట్టించి పెట్టుకుంది. ఏటా అక్టోబరు పదకొండున నన్నూ ఫొటోగ్రాఫర్నీ పాయసానికి పిలుస్తారు. తమ్ముడి తద్దినం మాత్రం తిథి ప్రకారం దసరాల్లో, ఆ ఇంటివాళ్ళ మధ్యనే జరుగుతుంది. దానికి మేము వెళ్ళం. అది పేపరోళ్ళది కాదు.

కిందటి అక్టోబరులో వెళ్ళినప్పుడు, అప్పటి మోకాలెత్తు మొక్కల్లో ఒకటి రెండు తొలి గెల వేసి ఉన్నాయి. పెద్దాయన కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. నన్ను చెయ్యి పట్టి తీసుకెళ్ళి ఆ గెల చూపించాడు. వెనక్కి వచ్చేసరికి అరుగు మీద గొడవ జరుగుతోంది. పిల్ల బడిలో రోజూ ప్రార్థన దగ్గర ఒకరు ‘చరిత్రలో ఈ రోజు’ చదవాలట. పదకొండు రెండో శనివారం, బడికి సెలవు. అందుకని టీచరు ముందురోజే చదివేయమన్నారు. ఈ పిల్ల చదవనని భీష్మించుకుంది.

‘‘టీసరు సెప్పినా సదవలేదు బాబూ’’ అంటూ తల్లి నాకు ఫిర్యాదు చేసింది గానీ, గొంతులో ఫిర్యాదు లేదు.

‘‘నిన్న సదివితే నిన్నటిది అయిపోద్ది’’ అంది పిల్ల. ‘‘నాది ఈ రోజు.’’

‘‘అయితే ఇప్పుడు సదువు. మేం ఇంతాం’’ అన్నాడు పెద్దాయన, అరుగు చివర కూర్చుంటూ.

పిల్ల గౌను సర్దుకుని, చేతులు కట్టుకుని, బడిలో నిలబడ్డట్టు నిలబడింది. కాయితమేమీ లేదు. ఆ మొహంలో ఇప్పటికీ ఎవరి మీదో కొంచెం కోపం ఉంటుంది.

‘‘చరిత్రలో ఈ రోజు. సంఘటనలు: పెద్ద గాలివాన వచ్చినది. మరణాలు...’’

‘‘ఊహూఁ. ముందేటి?’’ అన్నాడు పెద్దాయన.

పిల్ల నాలిక కరుచుకుంది. గొంతు సవరించుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

‘‘సంఘటనలు: పెద్ద గాలివాన వచ్చినది. జననాలు: నేను.’’